హంతకుడి పేరు ఫైల్లోనే ఉంటుంది

నెల్లూరులో న్యాయశాస్త్ర విద్యార్థులు, కొత్తగా చేరిన ఎస్సైలు కూర్చున్న సభలో ఒక రిటైర్డ్ పోలీసు అధికారి చేసిన ప్రసంగ పాఠం ఇది. ఆయన మాట తీరును మార్చకుండా ఉంచాం.

అందరికీ నమస్కారం. మైకు కీచుమంటోంది. వెనకాల వాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతా.

క్రిమినల్ ప్రొఫైలింగ్ మీద, అంటే నేరం తీరును బట్టి నేరస్తుడు ఎట్లాంటివాడో అంచనా కట్టడం మీద మాట్లాడమన్నారు. ఆ మాట అనగానే పిల్లల మొహాలు వెలిగాయి, చూశాను. ఓటీటీ పుణ్యం. అందులో ఒకాయన శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకుని, "హంతకుడికి ముప్పై అయిదేళ్లు, ఎడంచేతి వాటం, చిన్నప్పుడు తల్లి కొట్టేది" అంటాడు. ఇంకో పది నిమిషాల్లో వాడు దొరికిపోతాడు. నా సర్వీసులో అట్లాంటి మహానుభావుడు నాకు తగల్లేదు. నాకు తగిలిందంతా కాగితం. బస్తాల కొద్దీ కాగితం. ఈ సాయంత్రం నేను చెప్పేదీ దాని గురించే. చాలా హత్య కేసుల్లో హంతకుడి పేరు మొదటి కొన్ని రోజుల్లోనే మన ఫైల్లోకి వచ్చి కూర్చుంటుంది. పంచనామాలోనో, ఎవరో ఇచ్చిన స్టేట్‌మెంట్లోనో, కాల్ రికార్డులో నాలుగు వందో వరసలోనో ఉంటుంది. మనమే చూడం. దాన్ని కంటికి ఆనేట్టు చేసే పనే విశ్లేషణ. ప్రొఫైల్ అందులో ఒక పనిముట్టు, అంతకు మించి ఏమీ కాదు.

ముందు ఒక లెక్క. దేశంలో నేరాల లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. కారణాల్లో మొదటిది తగాదాలు, 9,962. తరవాత పగలూ కక్షలూ, 3,761. డబ్బు కోసం, లాభం కోసం చేసినవి 1,884. వీటిలో మీ ఓటీటీ హంతకుడు ఎక్కడున్నాడో వెతుక్కోండి. మన నెల్లూరు, ప్రకాశం సంగతి వేరే చెప్పాలా? పొలం గట్టు, రొయ్యల గుంట లీజు, వడ్డీ డబ్బు, చీటీ పాట, ఆస్తి పంపకం, ఇంట్లో ఇల్లాలికి తెలియని వ్యవహారం. చంపినవాడు చచ్చినవాడికి తెలిసినవాడే. పొద్దున శవం దొరికితే సాయంత్రానికి టీ బంకు దగ్గర ఊరందరికీ తెలిసిపోతుంది, ఒక్క పోలీసుకు తప్ప.

కాబట్టి మన దగ్గర ముందు తయారు చేయాల్సింది హంతకుడి ప్రొఫైల్ కాదు, హతుడి ప్రొఫైల్. ఆయన ఎవరు, రోజూ ఎన్నింటికి లేస్తాడు, ఎక్కడ టీ తాగుతాడు, ఎవరికి బాకీ, ఎవరు ఆయనకు బాకీ, ఫోన్లో ఎవరితో గంటలు గంటలు మాట్లాడతాడు, ఎవరి పేరు చెబితే మాట మారుస్తాడు. దీనికి మన సమాజంలో ఒక పెద్ద అడ్డంకి ఉంది. చచ్చినోడి గురించి చెడ్డ మాట్లాడకూడదంటారు. శవం ఇంకా ఇంటి ముందే ఉంటుంది, "మీ ఆయనకు ఎవరితోనైనా..." అని ఆ ఇల్లాలిని ఎట్లా అడుగుతావు? అడగవు. పెద్దకర్మ అయ్యాక అడుగుదాంలే అనుకుంటావు. ఆ లోపల అవతల వాడు సిమ్ము తీసి కాలవలో పారేస్తాడు.

ఒక కేసు చెబుతాను. ఊరూ పేర్లూ చెప్పను, సముద్రం వైపు మండలం అనుకోండి. రొయ్యల గుంట దగ్గర కాపలా ఉండే మనిషి, యాభై దాటిన వాడు, తెల్లారి గుంట నీళ్లలో శవమై తేలాడు. మొదట తాగి పడ్డాడన్నారు. తల వెనక దెబ్బ చూశాక, మేత బస్తాల దొంగలు కొట్టి పడేశారన్నారు. ఆ చుట్టుపక్కల గుంటల మీద మేత బస్తాలు పోవడం మామూలే, కాబట్టి అందరికీ ఆ కథ నచ్చింది. యజమానికి నచ్చింది, ఊరికి నచ్చింది, స్టేషన్లో మావాళ్లకూ నచ్చింది. పాత నేరస్తుల జాబితా తీసి జీపు స్టార్ట్ చేయడమే తరువాయి.

ఆ రోజు మేం చేసిన పని చాలా చప్పగా ఉంటుంది వినడానికి. గోడకు ఒక చార్టు పేపరు అంటించి, పొడుగ్గా గీత గీసి, ముందురోజు మధ్యాహ్నం నుంచి గంట గంటకూ గళ్లు వేశాం. ఒక్కో గంటలో ఆ మనిషి మామూలుగా ఏం చేస్తాడో పైన, ఆ రోజు ఏం చేశాడో కింద. రొయ్యల సాగు చేసే ఇళ్ల పిల్లలు ఇక్కడ ఉంటే వాళ్లకు తెలుసు, రాత్రి గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారగట్ల మరీ పడిపోతుంది. అందుకే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే కాపలా మనిషి లేచి జనరేటర్ వేయాలి. ఆ రాత్రి పన్నెండు దాటాక కరెంటు పోయి వచ్చిందని సబ్‌స్టేషన్ లాగ్ బుక్కులో ఉంది. పక్క గుంటల వాళ్లు జనరేటర్లు వేశారు. ఇక్కడ వేయలేదు. కరెంటు వచ్చాక కూడా స్టార్టర్ నొక్కే మనిషి లేడు. తెల్లారేసరికి రొయ్యలు గట్టు వారకు వచ్చి తేలుతున్నాయి. అంటే పోస్టుమార్టం రిపోర్టు రాకముందే ఒక సంగతి తేలింది, పన్నెండు గంటలకే ఈ మనిషి లేవలేని స్థితిలో ఉన్నాడు. డాక్టరు గారి అంచనా నాలుగైదు గంటల వెడల్పుతో వస్తుంది, అది ఆయన లోపం కాదు, ఒళ్లు చల్లబడే లెక్కే అంత. రొయ్యలు మాకు దాన్ని కుదించి ఇచ్చాయి.

తరవాత స్టాక్ పుస్తకం. దొంగలొస్తే బస్తాలు పోవాలి కదా. ఆ రాత్రి ఒక్క బస్తా కూడా పోలేదు. కానీ వెనక్కి తిప్పుతూ పోతే, కంపెనీ బిల్లులో ఉన్న బస్తాలకూ గుంటలో వేసినట్టు రాసుకున్న బస్తాలకూ రెండు నెలలుగా పొంతన లేదు. తేడా ప్రతిసారీ లోడు దిగిన మర్నాడే. అప్పుడు కాల్ రికార్డు తీసుకుని, లోడు దిగిన తేదీలు పక్కన పెట్టుకుని చూస్తే, ఆ తేదీల్లో రాత్రి పూట ఒకే నెంబరు. మేత తోలే ఆటో డ్రైవరు. చనిపోయిన రాత్రి చివరి కాల్ కూడా అదే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ కేసులో ఇంటి దొంగ చచ్చిపోయిన మనిషే. ఇద్దరూ కలిసి బస్తాలు అమ్ముకున్నారు, వాటా దగ్గర పేచీ వచ్చింది. ఆ డ్రైవరు మొదటి రోజు పంచనామా దగ్గర గుంపులో నిలబడి, "అయ్యో, మంచోడు సార్" అని మాకు స్టేట్‌మెంట్ ఇచ్చిన మనిషి. పేరు ఫైల్లో మూడో కాగితంలోనే ఉంది.

యజమానికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ఒక్క మాటన్నాడు: "పదేళ్లుగా మా ఇంట్లో అన్నం తిన్నాడు సార్, ఆ మనిషిని దొంగంటారా?" అదే నేను చెప్పే అడ్డంకి. హతుడి మీద జాలి వేరు, హతుడి జీవితాన్ని తెలుసుకోవడం వేరు. దర్యాప్తులో రెండూ ఉండాలి.

కాల్ రికార్డు అన్నాను కాబట్టి, ఎస్సైలు కొంచెం ఇటు చూడండి. సీడీఆర్, అంటే కంపెనీ ఇచ్చే కాల్ రికార్డుల షీటు తెప్పించుకుని, ఎక్కువసార్లు మాట్లాడిన పది నెంబర్లు తీసి, అదే విశ్లేషణ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది కూడిక మాత్రమే. ఆ షీటులో నెంబర్లూ టైమూ కాకుండా మొదటి సెల్ ఐడీ, చివరి సెల్ ఐడీ అని రెండు గళ్లు ఉంటాయి. కాల్ మొదలైనప్పుడు ఫోన్ ఏ టవర్ కింద ఉంది, ముగిసినప్పుడు ఏ టవర్ కింద ఉంది అని. రెండూ వేరైతే మనిషి కదులుతున్నాడు. ఐఎంఈఐ, అంటే ఫోన్‌కు ఉండే సొంత నెంబరు, దానికో గడి ఉంటుంది, సిమ్ము మార్చినా ఫోన్ మార్చని తెలివైనవాళ్లు అక్కడ దొరుకుతారు. అన్నిటికంటే నాకు ఇష్టమైంది ఆ షీటులో లేని వరస. రోజూ రాత్రి పదకొండు దాకా ఫోన్ వదలని కుర్రాడు, సరిగ్గా ఆ ఒక్క రాత్రి మూడు గంటలు ఏ కాలూ లేదు, డేటా కూడా లేదు. ఆ ఖాళీ ఎందుకొచ్చిందో అడగాలి. అయితే ఆ ఖాళీ నేరం కాదు. ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉండొచ్చు. అందుకే ఒక్క రాత్రి కాదు, ముందు నెల మొత్తం చూసి వాడి అలవాటేమిటో తెలుసుకున్నాకే ఆ మాట అనాలి.

ఇంకో జాగ్రత్త. టవర్ లొకేషన్ అంటే మనిషి లొకేషన్ కాదు. పెన్న ఒడ్డున నిలబడిన ఫోన్‌ను అవతలి ఒడ్డు టవర్ పట్టుకోవచ్చు, మధ్యలో అడ్డం ఏముంది, ఇసుకే కదా. పొలాల్లో ఒక్కో టవర్ కిలోమీటర్ల దూరం లాగుతుంది. "నిందితుడు ఘటనా స్థలంలో ఉన్నట్టు టవర్ రుజువు చేస్తోంది" అని చార్జిషీటులో రాస్తే, ఇక్కడ కూర్చున్న వీళ్లే రేపు నల్లకోటు వేసుకుని మిమ్మల్ని బోనులో నిలబెట్టి ఉతికేస్తారు. (నవ్వులు) రికార్డు కోసం ఆలస్యం కూడా చేయకండి. కంపెనీలు దాన్ని దాచాల్సిన గడువు ఏడాది ఉండేది, 2021 డిసెంబరులో రెండేళ్లకు పెంచారు. సీసీ కెమెరా ఫుటేజీకి ఆ మాత్రం ఆయుష్షు కూడా ఉండదు, పెట్రోలు బంకులో ఫుటేజీ దాచే డీవీఆర్ పెట్టె కొన్నాళ్లకే పాతదాని మీద కొత్తది రాసేసుకుంటుంది.

సరే, ప్రొఫైలింగ్ ఎక్కడ పుట్టిందో ఒక ముక్క. 1888లో లండన్ వైట్‌చాపెల్ హత్యలప్పుడు డాక్టర్ థామస్ బాండ్ అనే పోలీసు సర్జన్, గాయాలు చూసి హంతకుడు ఎట్లాంటివాడై ఉంటాడో రాసిచ్చాడు. ఆ హంతకుడు ఇవాళ్టికీ దొరకలేదు. అమెరికాలో ఎఫ్‌బీఐ 1972లో ప్రవర్తన శాస్త్ర విభాగం పెట్టింది. అక్కడివాళ్లు జైళ్లకు వెళ్లి 36 మంది హంతకులతో, లైంగిక నేరస్తులతో మాట్లాడి తమ పద్ధతికి పునాది వేసుకున్నారు. 36 మంది! మన జిల్లా జైల్లో ఒక బ్యారక్‌లో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

అందరూ చెప్పే విజయగాథ ఒకటుంది. అది హత్య కేసు కాదు గానీ చెప్పక తప్పదు. న్యూయార్కులో 1940 నుంచి 1956 దాకా ఒకడు బాంబులు పెడుతూ పోయాడు. 1956 చివర్లో పోలీసులు జేమ్స్ బ్రసెల్ అనే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లారు. ఆయన చెప్పినవాటిలో అందరికీ గుర్తుండిపోయింది, పట్టుకున్నప్పుడు వాడు డబుల్ బ్రెస్టెడ్ కోటు గుండీలు పెట్టుకుని ఉంటాడన్న మాట. 1957 జనవరిలో జార్జ్ మెటెస్కీని పట్టుకున్నారు, ఆ కోటే వేసుకుని వచ్చాడు. ఇంకేముంది, ప్రొఫైలర్ దేవుడైపోయాడు. అసలు పట్టించింది ఎవరు? కరెంటు కంపెనీ ఆఫీసులో ఆలిస్ కెల్లీ అనే గుమాస్తా. ఉద్యోగంలో దెబ్బ తగిలి పరిహారం రాక గొడవపడ్డ పాత సిబ్బంది ఫైళ్లు తీసి ఒక్కొక్కటీ చదివింది. బాంబులు పెట్టేవాడి ఉత్తరాల్లో వచ్చే మాటలే ఒక పాత ఫిర్యాదు ఉత్తరంలో కనబడ్డాయి. కోటు సంగతి అందరికీ తెలుసు, ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. నేనైతే దర్యాప్తు శిక్షణ కేంద్రంలో ఆవిడ ఫొటో పెట్టమంటాను.

ఇంగ్లండులో యార్క్‌షైర్ కేసు మీరు ఇంకా వివరంగా చదవాలి. 1975 నుంచి 1980 వరకు పీటర్ సట్‌క్లిఫ్ అనే లారీ డ్రైవరు 13 మంది ఆడవాళ్లను చంపాడు. ఆ కాలంలో పోలీసులు వాడిని తొమ్మిదిసార్లు పిలిచి మాట్లాడి పంపేశారు. తొమ్మిదిసార్లు! ఎందుకంటే అంతా కార్డుల మీద రాత. వచ్చిన కాగితం బరువుకు ఇన్సిడెంట్ రూములో నేల కుంగిపోకుండా బలం చేయాల్సి వచ్చిందని చెబుతారు. ఒక అధికారి మాట్లాడిన కార్డు ఇంకో అధికారి చేతికి అందదు. ఒక కార్డులో కారు నెంబరు, ఒక కార్డులో అయిదు పౌండ్ల కొత్త నోటు. హతురాలి బ్యాగులో దొరికిన ఆ నోటును బ్యాంకు కట్టల దాకా లాగి, ఏయే కంపెనీల జీతాల్లో పోయి ఉంటుందో జాబితా చేశారు. గొప్ప పని. ఆ జాబితాలో వాడున్నాడు కూడా. కానీ అన్ని కార్డులనూ ఒక చోట పెట్టి చూసే ఏర్పాటు లేదు.

ఇది చాలదన్నట్టు 1979లో ఒక క్యాసెట్ వచ్చింది, "నేనే హంతకుణ్ణి" అని. ఆ యాస సండర్లాండ్ వైపుది. అధికారులు అది నిజమైన గొంతేనని నమ్మేశారు. అప్పటినుంచి ఆ యాస లేనివాడిని పక్కన పెట్టేశారు. సట్‌క్లిఫ్‌ది బ్రాడ్‌ఫర్డ్ యాస, వాడు బతికిపోయాడు. క్యాసెట్ పంపిన ఆకతాయి డీఎన్‌ఏతో దొరికి 2006లో జైలుకు పోయాడు. ఇక్కడ ఒంగోలు యాస, నెల్లూరు యాస, కడప యాస అని మనమూ గొంతు విని తేలుస్తుంటాం కదా బెదిరింపు కాల్స్‌లో. గుర్తుపెట్టుకోండి, ఒక ఆనవాలు వెతకడానికి పనికొస్తుంది. వదిలేయడానికి పనికిరాదు.

అదే కేసులో ఒక మంచి పనీ జరిగింది. 1980 డిసెంబరులో స్టువర్ట్ కైండ్ అనే ఫోరెన్సిక్ శాస్త్రవేత్త దాడులన్నీ మ్యాపు మీద పెట్టి, వాటికి మధ్య బిందువు ఎక్కడ పడుతుందో లెక్కగట్టాడు. ఇంకో మెలిక కూడా పట్టాడు. రాత్రి ఆలస్యంగా జరిగిన దాడులు ఇంటికి దగ్గరగా ఉంటాయి, తొందరగా జరిగినవి దూరంగా ఉంటాయి, ఎందుకంటే వాడు మళ్లీ ఇల్లు చేరాలి కదా. లెక్క బ్రాడ్‌ఫర్డ్ ప్రాంతాన్ని చూపింది. సట్‌క్లిఫ్ ఇల్లు అక్కడే. కానీ ఆ లెక్కతో పట్టుకునే లోపలే, 1981 జనవరి 2న షెఫీల్డులో మామూలు గస్తీ పోలీసులు దొంగ నెంబరు ప్లేటు చూసి ఆపారు. ఆ దెబ్బతోనే బ్రిటన్‌లో పెద్ద కేసుల కోసం హోమ్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. మన దగ్గర స్టేషన్లన్నిటినీ కలిపే కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్‌ఎస్‌కు అనుమతి వచ్చింది 2009లో.

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. ఒంగోలు జాతీయ రహదారి లారీ హత్యలు, పత్రికలు మున్నా గ్యాంగ్ అని రాసిన కేసు. 2008. ఇనుము లోడుతో దుర్గాపూర్ నుంచి కల్పాక్కం పోవాల్సిన లారీ చేరలేదు. డ్రైవరు లేడు, క్లీనరు లేడు. ఆ రోజు స్టేషన్లో కూర్చున్న అధికారి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. ఓనరుది తమిళనాడు, లోడు బెంగాల్‌ది, దారి పొడుగునా రాష్ట్రాలు. శవం లేదు. అది హత్య కేసుగా మీ ముందుకు రాదు. "డ్రైవరే లోడు అమ్ముకుని పారిపోయి ఉంటాడు" అని అనేస్తే ఫైలు మూతపడుతుంది. చాలా సులువైన మాట, లారీ డ్రైవరు పేదవాడు కాబట్టి ఇంకా సులువు.

ఆ కేసులో వేసిన ప్రశ్న నాకు నచ్చింది. ఎవరు చేశారు అని మొదలుపెట్టలేదు, ఇరవై టన్నులకు పైగా ఇనుము ఎక్కడికి పోతుంది అని మొదలుపెట్టారు. బంగారమైతే జేబులో పెట్టుకుపోతారు. అంత ఇనుమును దించాలంటే చోటు కావాలి, కొనాలంటే వ్యాపారి కావాలి, లారీని మాయం చేయాలంటే దాన్ని ముక్కలు కోసేవాడు కావాలి. పాత ఇనుము వ్యాపారుల మీద కన్నేశారు, తీగ లాగితే డొంకంతా కదిలింది. రవాణా శాఖ అధికారుల్లా వేషం వేసి, కాగితాలు చూపించమని లారీలు ఆపి, డ్రైవరునూ క్లీనరునూ చంపి పాతిపెట్టి, సరుకు అమ్మి, లారీని తుక్కు చేసేవారు. ఒకదాని వెనక ఒకటి అట్లాంటివే బయటపడ్డాయి. 2021 మే నెలలో ఒంగోలు అదనపు జిల్లా సెషన్స్ కోర్టు అందులో 12 మందికి ఉరిశిక్ష వేసింది. ఉరిశిక్షకు హైకోర్టు ధ్రువీకరణ కావాలన్నది లా విద్యార్థులకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ప్రొఫైల్ అనేది ఎట్లా పనికొస్తుందో చూడండి. ఒక రాత్రి, హైవే మీద, లోడు లారీ డ్రైవరు ఎవరు చెయ్యెత్తితే బండి ఆపుతాడు? ఆడమనిషికి ఆపకపోవచ్చు, కుర్రాళ్లకు ఆపడు. ఖాకీకి ఆపుతాడు. ఇద్దరు బలమైన మగవాళ్లను పెద్ద గొడవ లేకుండా లొంగదీశారంటే ఒక్కడి పని కాదు. గోడౌను ఉందంటే ఆ చుట్టుపక్కల వేళ్లూనినవాళ్లు. చూశారా, హంతకుడి చిన్నతనం జోలికి పోలేదు. వాడి మనసులో ఏముందో నాకెందుకు? వాడు చేసిన పనికి ఏమేం కావాలో రాసుకుంటే వాడి ఆకారం దానంతటదే వస్తుంది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. 1992లో లండన్ వింబుల్డన్ కామన్‌లో రెండేళ్ల బిడ్డ కళ్లముందే ఒక తల్లిని పొడిచి చంపారు. సైకాలజిస్టు ప్రొఫైల్ ఇచ్చాడు. అది కోలిన్ స్టాగ్ అనే మనిషికి సరిపోయిందనుకున్నారు. ఆధారం ఒక్కటీ లేదు. మారువేషంలో ఒక పోలీసమ్మాయిని పంపి, స్నేహం కలిపి, నెలల తరబడి అతని నోటి నుంచి నేరం ఒప్పించాలని చూశారు. ఒప్పుకోలేదు. అయినా కేసు పెట్టారు. 1994లో జడ్జి ఆ సాక్ష్యాన్ని చెల్లదని తోసేశారు, అప్పటికి అతను ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు. అసలువాడు రాబర్ట్ నాపర్. పోలీసులందరూ స్టాగ్ చుట్టూ తిరుగుతున్న 1993లో వాడు ఇంకో తల్లినీ నాలుగేళ్ల కూతుర్నీ చంపాడు. వింబుల్డన్ నేరం ఒప్పుకున్నది 2008లో. ప్రొఫైల్‌తో ప్రేమలో పడితే అయ్యే ఖర్చు అది.

ఇంగ్లండు దాకా ఎందుకు, కావలికి పోదాం. 1871 నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికి, స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి ఎరుకల కుటుంబాలను అప్పగించి సెటిల్‌మెంట్లు నడిపారు. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. పుట్టుకను బట్టి నేరస్తుడని ముద్ర. ఇది కూడా ప్రొఫైలింగే అండీ, ప్రభుత్వం వారి ప్రొఫైలింగ్. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. మరి అలవాటు? ఎక్కడ దోపిడీ హత్య జరిగినా ముందు ఫలానా పేటకు జీపు పంపే అలవాటు పోయిందా? నేను ప్రశ్న అడిగి వదిలేస్తున్నా, మీలో ఖాకీ వేసుకున్నవాళ్లు ఇంటికి పోయి ఆలోచించుకోండి. ఒక పేటకు జీపు పోయిందంటే, అసలువాడున్న ఇంటికి పోలేదనే అర్థం.

ఈ జబ్బుకు మందు కాగితం మీదే ఉంది. సీఐఏలో పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ అనే ఆయన ఒక పట్టిక పద్ధతి పెట్టాడు. పైన అడ్డంగా సాధ్యమైన కథలన్నీ రాయాలి: దొంగలు చంపారు, బంధువు చంపాడు, భాగస్వామి చంపాడు, ఎవరూ చంపలేదు, పడిపోయాడు. పక్కన నిలువుగా సాక్ష్యాలు. ఒక్కో గడిలో చూడాల్సింది, ఈ సాక్ష్యం ఈ కథకు ఎదురు తిరుగుతోందా అని. ఎక్కువ బలపడిన కథను కాదు, తక్కువ దెబ్బలు తిన్న కథను నమ్మాలి. మనిషి స్వభావం దీనికి తలకిందులు. తనకు నచ్చిన కథకు సాక్ష్యం ఏరుకుంటూ పోతాడు. మేత దొంగల కథకు తల మీద దెబ్బ సరిపోయింది, చీకటి సరిపోయింది, పాత దొంగతనాలు సరిపోయాయి. ఎదురు తిరిగింది ఒక్కటే, బస్తాలు పోలేదు. ఆ ఒక్కటి చాలు.

లా పిల్లలూ, ఇది మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? 1984లో శరద్ బిర్దీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు పరిస్థితుల సాక్ష్యానికి పెట్టిన అయిదు సూత్రాల్లో నాలుగోది: నిందితుడి నేరం తప్ప మరే ఊహకూ తావు లేకుండా ఉండాలి. హ్యూయర్ తన విశ్లేషకుల చేత వేయించే ప్రశ్నా, డిఫెన్స్ లాయరు మా చేత చెమటలు పట్టించే ప్రశ్నా ఒకటే. కాకపోతే లాయరు రెండేళ్ల తరవాత అడుగుతాడు, మనం మొదటి రోజే అడుక్కోవాలి.

చట్టం సంగతి త్వరగా ముగిస్తాను, మీకు మీ లెక్చరర్లు చెబుతారు. ప్రొఫైల్ సాక్ష్యం కాదు. "ఈ మనిషి స్వభావం అట్లాంటిది" అని కోర్టులో నేరం రుజువు చేయలేం, చెడ్డ నడత గురించిన సాక్ష్యాన్ని మన చట్టం మామూలుగా లోపలికే రానివ్వదు. ప్రొఫైల్, చార్టులు, టైంలైను, ఇవన్నీ దర్యాప్తు అధికారికి దారి చూపడానికి. వాటి చోటు కేసు డైరీ. నార్కో పరీక్ష, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 176లో ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకు ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలన్నారు. మంచిదే. క్లూస్ టీము వచ్చేసరికి ఊరి జనం స్థలమంతా తొక్కకుండా చూసే కానిస్టేబులు కూడా కావాలి, అది ఏ సెక్షన్లోనూ లేదు. ఎలక్ట్రానిక్ రికార్డుకు కొత్త సాక్ష్య చట్టం, సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ మర్చిపోకండి. సీడీఆర్ ఎంత గొప్పగా విశ్లేషించినా ఆ కాగితం లేకపోతే కోర్టు చూడదు.

టైము చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే ఒకటి రెండు తీసుకుంటాను. అమ్మా, మీరు చెప్పండి.

(ఒక విద్యార్థిని: సార్, ఇప్పుడు ఏఐ వస్తోంది కదా, సాఫ్ట్‌వేరే లింకులన్నీ చూపిస్తుంది. అప్పుడు మీరు చెప్పిన చార్టు పేపరు అవసరం ఉంటుందా?)

మంచి ప్రశ్న తల్లీ. చార్టు పేపరు మీద నాకేం వ్యామోహం లేదు, స్క్రీను మీద వస్తే నా వేళ్లకు సిరా అంటదు. కానీ ఒక సంగతి చూడు. నెల్లూరు జిల్లాలో పెంచలయ్యలు ఎంతమంది? పెంచలకోన నరసింహస్వామి దయ వల్ల ఇంటికొకరు. ఆ పేరును ఇంగ్లీషులో ఒక స్టేషన్ రైటరు చివర 'ఐఏహెచ్' అని కొడతాడు, పక్క స్టేషన్ రైటరు 'వైవైఏ' అంటాడు, ఇంకొకడు మధ్యలో ఒక అక్షరం మింగేస్తాడు. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఒక చోట అసలు లేదు. కంప్యూటరుకు వీళ్లు ముగ్గురు మనుషులు. సట్‌క్లిఫ్ కార్డులు బీరువాల్లో విడివిడిగా ఉన్నట్టే, ఈ ముగ్గురూ సర్వరులో విడివిడిగా ఉంటారు. ఎన్ని లింకులు గీసే సాఫ్ట్‌వేర్ అయినా, రైటరు కొట్టిన దానికే గీస్తుంది. అందుకని ఎస్సైలకు నేను చెప్పేది, పేరుతో వెతకొద్దు. తండ్రి పేరు, ఊరు, ఫోన్ నెంబరు, పుట్టిన సంవత్సరం అటూ ఇటూ రెండేళ్లు, వీటితో వెతకండి. దొరికిన ముగ్గురి వేలిముద్రలూ దేశం మొత్తం వేలిముద్రలు దాచే నాఫిస్‌లో పోల్చి చూడండి. స్టేషన్లో రైటరుతో రోజుకు అరగంట కూర్చుని ఎంట్రీలు సరిచేయించండి. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు, ఏ మీడియా వాడూ దానికి ఫొటో తీయడు.

ఇంకెవరైనా? ఆ బాబు చెయ్యెత్తాడు... సరే, నీ ప్రశ్న బెయిలు గురించైతే మాత్రం బయట టీ దగ్గర మాట్లాడుకుందాం, అది ఈ మైకులో తేలేది కాదు. ఉంటాను, నమస్కారం.